చెవులమ్మ ఎడమచెవి

మా ఊళ్లో దేవుళ్లకు కొదవలేదు. కానీ చెవులమ్మ దగ్గర ఉన్న సౌకర్యం ఇంకెవరి దగ్గరా లేదు. గూడూరు దాటి అడవి అంచుకు వస్తే మా ఊరు, ఊరు దాటి వాగు వైపు నడిస్తే మోదుగు చెట్ల మధ్య చెవులమ్మ. నల్లరాతి విగ్రహం. ముక్కు కొంచెం విరిగింది. బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది. చెవులు మాత్రం భుజాల దాకా వేలాడుతుంటాయి, అందుకే ఆ పేరు. కోరిక ఏదైనా కుడిచెవిలో చెప్పాలి. మొక్కు తీర్చాక ఎడమచెవిలో ‘తీర్చిన తల్లీ’ అని చెప్పాలి. మధ్యలో పూజారి లేడు, పక్కవాళ్లకు వినపడదు. కడుపులో మాట కడుపులో దాగనివాళ్లకు ఇంతకంటే మంచి దేవత దొరకదు.

మాది షావుకారు ఇల్లు. ఊరందరికీ ఒకటే కిరాణా దుకాణం, అది మాదే. చెవులమ్మకు కట్టే ఆకుపచ్చ చీర ముక్క, పసుపు, కుంకుమ, కొబ్బరికాయ అన్నీ మా దగ్గరే కొనేవాళ్లు. కాబట్టి ఆ తల్లి మీద నాకు భక్తి ఉండడంలో వింతేమీ లేదు. మా ఆయన సోమేశ్వర్ మాత్రం నాది భక్తి కాదని, బేరమని ఎగతాళి చేసేవాడు. చేస్తే చేయనీ. బేరంలో కూడా నీతి ఉంటుంది. సరుకు చేతికందాక మాట తప్పకూడదు. నేను నేర్చుకున్న నీతి అదొక్కటే. దాంతోనే కాపురమూ దుకాణమూ నెట్టుకొచ్చాను.

గొల్ల సత్యమ్మది మా ఎదురిల్లు. నాకంటే పదేళ్లు పెద్దదైనా నన్ను ‘సావుకారమ్మా’ అనే పిలిచేది. మొగుడు చిన్నప్పుడే పోతే మేకలు మేపి ఒక్కగానొక్క కొడుకు దయాకర్‌ను జనగామలో చదివించింది. అరవై తొమ్మిదిలో తెలంగాణ కావాలని పిల్లలు చదువులు వదిలి రోడ్ల మీదికి వచ్చినప్పుడు వాడూ వచ్చాడు. జనగామలో రైలు ఆపారని, లాఠీలు లేచాయని, కొందరిని లారీలో ఎక్కించుకుపోయారని కబురు తెలిసింది. ఆ కొందరిలో దయాకర్ ఉన్నాడో లేడో చెప్పే దిక్కు లేదు. సత్యమ్మ జనగామ పోయింది, వరంగల్లు పోయింది, కనపడినవాళ్ల కాళ్లన్నీ పట్టుకుంది. చివరికి తిరిగొచ్చి ఇంట్లోకైనా పోకుండా, అప్పుడే పుట్టిన మేకపోతు పిల్లను చంకలో పెట్టుకుని చెవులమ్మ దగ్గరికి పోయింది. కొడుకు బతికొస్తే ఆ పోతును నీ ముందర కోస్తానని కుడిచెవిలో మొక్కింది. చెవిలోనే చెప్పింది గానీ, ఏడుస్తూ చెప్పిన తీరుకు వాగు అవతల పశువులు కాసేవాళ్లకు కూడా వినపడింది.

దయాకర్ బతికొచ్చాడు. చేయి విరిగి, గడ్డం పెరిగి, నవ్వుకుంటూ బస్సు దిగాడు.

మొక్కిన పోతుకు మా దగ్గర చెవి కొస కోసి గుర్తు పెడతారు. అది ఎవరి చేను మేసినా కొట్టరు. దానికి పేరు పెట్టకూడదంటారు, పేరు పెడితే మమకారం అంటుకుంటుందని. సత్యమ్మ పెట్టలేదు. ఊరికే ‘ఓయ్’ అని పిలిచేది. కొన్నాళ్లకు ఊళ్లో ఎవరు ఎవరిని ‘ఓయ్’ అన్నా ఆ పోతు పరుగెత్తుకొచ్చేది. మమకారానికి పేరుతో పనేముంది?

చెవులమ్మ జాతర ఏటా దసరా దాటాక వస్తుంది. మొదటి ఏడు పోతు చిన్నదంది. మరుసటి ఏడు దయాకర్ పంతులు ట్రెయినింగులో ఉన్నాడు, వాడు ఎదురుగా లేకుండా మొక్కు ఎట్లా తీర్చడమంది. ఆ తరువాత వాడి పెళ్లి. పెళ్లైన ఇంట్లో ఏడాది తిరగకుండా కత్తి ఎత్తకూడదంది. ఆ తరువాత కోడలు శశికళ నీళ్లోసుకుంది. ఇట్లాంటి సాకులు నాకు కొత్త కాదు, దుకాణంలో రోజూ వినేవే. మేం గుడ్డు కూడా ముట్టం. అయినా ‘ఆ పోతును ఇచ్చేసి చేతులు కడుక్కో’ అని సత్యమ్మకు అందరికంటే ముందు చెప్పింది నేనే. తీసుకున్నాక ఇవ్వాలి కదా.

ఆమె బాధేమిటో కనపడుతూనే ఉండేది. దయాకర్‌కు తొర్రూరులో ఉద్యోగం. శనివారం బస్సు ఆలస్యమైతే చాలు, సత్యమ్మ గడపలో నిలబడి పోతు వంక చూసేది. వాడికి తలనొప్పి వచ్చినా పోతు వంకే చూపు. కొడుకు తిరిగొచ్చాడు గానీ, కొడుకు తిరిగొచ్చిన సంతోషం ఆ ఇంట్లో ఒక్కపూట కూడా నిలవలేదు.

ఆ రోజుల్లోనే ప్రభుత్వం మా ముందు గదిని నర్సమ్మ కోసం కిరాయికి తీసుకుంది. వచ్చినామె కమలాబాయి, నాందేడ్ దగ్గరి మనిషి. సన్నగా, గట్టిగా, తక్కువ మాటలతో ఉండేది. మా అత్త ఏ కులమని అడిగితే ‘బౌద్ధులం’ అంది. ఆ కులం పైదా కిందిదా అని మా అత్త చాలా రోజులు తల పట్టుకుని, చివరికి మంచినీళ్ల బిందెను కొంచెం లోపలికి జరిపి ఊరుకుంది. కమలాబాయి ఆ జరపడం చూసింది. తరువాత మా అత్త కాలికి పుండైతే కూర్చోబెట్టి కడిగి, రోజూ కట్టు కట్టింది. బిందె మళ్లీ ఎప్పుడు పాత చోటికి వచ్చిందో నేను గమనించలేదు.

ప్రతి పున్నమికి ఆమె చెవులమ్మ దగ్గరికి పోయేది. పసుపు లేదు, కుంకుమ లేదు. ఒక చెంబు నీళ్లతో విగ్రహం ముఖం కడిగి, దొరికిన పువ్వు పెట్టి, కాసేపు కళ్లు మూసుకుని కూర్చుని వచ్చేది. పరాయి దేశం మనిషైనా మన తల్లిని నమ్మిందని ఊరు మురిసింది. నాకు మాత్రం కొంచెం కోపంగా ఉండేది. కొబ్బరికాయైనా కొనని భక్తి ఏం భక్తి?

ఒక మధ్యాహ్నం దుకాణంలో ఎవరూ లేనప్పుడు కబుర్లలో పడ్డాం. వాళ్ల బుద్ధుడు ఒకసారి ఓ షావుకారికి సంసారుల సుఖాలు నాలుగని చెప్పాడట. షావుకారికి చెప్పాడు అనేసరికి నాకు ఆసక్తి పుట్టింది. న్యాయంగా సంపాదించిన కలిమి ఉండడం ఒక సుఖం. దాన్ని తాను తిని, నలుగురికి పెట్టడం ఇంకొకటి. ఎవరికీ బాకీ లేకపోవడం మూడోది. అన్నిటికంటే పెద్దది నాలుగోది అంటుండగా బక్కయ్య ఉప్పు కోసం వచ్చాడు. కొలిచి ఇచ్చేసరికి ఆమెను కాన్పుకు పిలవడానికి ఎవరో వచ్చారు. నాలుగోది అట్లాగే ఉండిపోయింది. అయినా మొదటి మూడూ నాకు బాగా నచ్చాయి. బాకీ సంగతి సాయంత్రమే సత్యమ్మకు చెప్పాను, చూశావా, బుద్ధుడంతటివాడే చెప్పాడని. ఆమె మూతి ముడుచుకుని మేకల్ని తోలుకుపోయింది.

డెబ్భై నాలుగు చలికాలంలో సత్యమ్మ మనుమరాలు నీలికి తట్టు పోసింది. అప్పుడు దానికి ఏడాది దాటింది. గుమ్మానికి వేపమండలు కట్టారు. ఇంట్లో అమ్మవారు ఉన్నప్పుడు సూది మందు కూడదని, పిల్లను పొలిమేర దాటించకూడదని మా వైపు కట్టుబాటు. జాతర అప్పటికే దాటిపోయింది, పోతు ఇంకా కొట్టంలోనే ఉంది. తట్టు తగ్గకముందే పిల్లకు ఎగశ్వాస పట్టింది. కమలాబాయి వచ్చి చూసి, ఆ పొద్దున బస్సుకే మానుకోట దవాఖానకు తీసుకుపోవాలని చెప్పింది.

చెవులమ్మ తల్లి సెలవియ్యకుండా ఎట్లా పోతారని పెద్దవాళ్లు అడ్డం తిరిగారు. అందరూ దయాకర్ వంక చూశారు. లాఠీలకు ఎదురు నిలబడ్డవాడు, దేవుళ్లను చూసి నవ్వేవాడు, బడిలో పిల్లలకు సైన్సు చెప్పేవాడు. వాడు తల వంచుకుని తల్లితో, ‘అవ్వా, నీ కాళ్లు మొక్కుత. పోతును కోసెయ్, పోదాం’ అన్నాడు. వాడిని ఏమనగలం? ఎగపోసే పసిపిల్లను ఒళ్లో పెట్టుకున్నవాడితో వాదించే ధైర్యం ఎవరికీ లేదు.

జాతరలో పోతులు కోసే బక్కయ్య కత్తి తెచ్చాడు. నేను పసుపు కుంకుమల పళ్లెం పట్టుకున్నాను. సత్యమ్మ ‘ఓయ్’ అంది, పోతు వెంట వచ్చింది. దానికి తాడు కూడా అక్కర్లేకపోయింది.

మా దగ్గర కోసే ముందు పోతు మీద నీళ్లు చల్లుతారు. అది ఒళ్లు విదిలిస్తే దేవత ఒప్పుకున్నట్టు. విదిలించేదాకా కత్తి ఎత్తరు. బక్కయ్య నీళ్లు చల్లాడు. ఓయ్ కదల్లేదు. మళ్లీ చల్లాడు. అది మెడ చాపి సత్యమ్మ కొంగు నమలసాగింది. తల్లికి కోపం తగ్గలేదని బక్కయ్య బెదిరిపోయి, బీడీ ముట్టించుకోవడానికి అవతలికి పోయాడు. పెద్దవాళ్లు వాగు గట్టున కూలబడ్డారు. అవతల ఇంట్లో పిల్ల ఎగపోస్తోంది, ఇవతల మేం మేక వణకడం కోసం ఎదురు చూస్తున్నాం.

కమలాబాయి అంతలో పరుగున వచ్చింది. పిల్ల పెదవులు రంగు మారుతున్నాయని, బస్సు పోతే సాయంత్రం దాకా ఇంకొకటి లేదని సత్యమ్మతో చెప్పింది. సత్యమ్మ కదల్లేదు. విగ్రహం వంక చూస్తూ, ‘నర్సమ్మా, నువ్వు పున్నమి పున్నమికి అచ్చి మొక్కుతవు గద. నువ్వన్న జెప్పు, ఆ తల్లికి పోతు కావాల్నా వద్దా?’ అని అడిగింది.

కమలాబాయి ముందుకు వచ్చింది. తరువాత విగ్రహం మీది ఆకుపచ్చ చీరను కొంచెం పక్కకు తీసింది. ఒడిలో ఒకదాని మీద ఒకటి పెట్టుకున్న రెండు చేతులు, ఎడమ భుజం మీదుగా సన్నగా చెక్కిన వస్త్రపు గీత కనపడ్డాయి. అన్నేళ్లుగా కడుతూ విప్పుతూ ఉన్నవాళ్లం, ఎప్పుడూ చూడలేదు.

ఆమె మెల్లగా అంది. ‘సత్యక్కా, గిది తల్లి గాదు. మా బుద్ధుడు. మా బాపు నన్ను నెత్తిన ఎక్కించుకొని నాగపూర్ వోయిండు, లక్షల మందితోటి గీయన మతంలకు మారినం. నేను అచ్చిన నాడే గుర్తు పట్టిన. మీ నమ్మకం మీది గద, అందుకే చెప్పలే.’

నేను పళ్లెం కింద పెట్టాను. సత్యమ్మ విగ్రహం మీదికి వంగి చూసింది. తరువాత అడిగింది.

‘మొగాయనా?’

‘అవు.’

‘మరి ఇన్నేండ్ల సంది చీర గడ్తిమి. ఏమన్లే?’

‘ఏమనడు.’

‘పోతులు, కోళ్లు?’

‘చీమను గూడ సంపొద్దన్నడు.’

సత్యమ్మ గద్దె వైపు చూసింది. మా తాతల నాటి నుంచి పడ్డ నెత్తురుతో అది నల్లగా గడ్డకట్టి ఉంది. ‘గంత నెత్తురు పోస్తుంటె గూడ గిట్లనే కూసున్నడా, పాపం’ అంది. ఆ ‘పాపం’ వింటే నాకు ఏడుపొచ్చింది. దేవుడి మీద జాలిపడ్డ మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

మళ్లీ ఆమే అడిగింది, పోతును ఇవ్వకపోతే మనుమరాలు బతుకుతుందా అని. కమలాబాయి అబద్ధం చెప్పలేదు. ఇవ్వకపోతే బతుకుతుందని తనకు తెలియదంది, ఇస్తే బతుకుతుందనీ తెలియదంది. బస్సు సంగతి ఒకటి తెలుసంది. అప్పుడు నేను ఊరుకోలేక, ఆయన అమ్మైనా అయ్యైనా, ఇచ్చిన మాట ఇచ్చిన మాటే కదా అన్నాను. కడుపులో ఉన్నమాటే అన్నాను.

‘అవు సావుకారమ్మా, మాటిచ్చిన’ అంది సత్యమ్మ.

ఆమె విగ్రహానికి ఎడమవైపు పోయింది. మొక్కు తీరకుండా ఎవరూ అటు పోరు. బక్కయ్య బీడీ పడేసి నిలబడ్డాడు, గట్టు మీది పెద్దవాళ్లు లేచారు. సత్యమ్మ ఆ చెవి దగ్గర నోరు పెట్టి, చెవిలో చెప్పాల్సిన మాటను ఊరందరికీ వినపడేట్టు చెప్పింది.

‘నేను పోతును ఇయ్య. మాట దప్పుతున్న. ఐదేండ్ల సంది పెండ్లి అని, కాన్పు అని సాకులు జెప్పిన. అన్ని అబద్ధాలే. నాకు దీని పాణం తియ్య బుద్ధయితలేదు. తప్పు నాది. కోపమొస్తె నా మీద రావాలె, పిల్ల మీద గాదు.’

అంతే. కొంగు దోపుకుని ఇంటికి పరుగెత్తింది. దయాకర్ చేతుల్లోంచి పిల్లను గుంజుకుని, వేపమండల కింద నుంచి బయటికి వచ్చి బస్సెక్కింది. వెనక శశికళ ఏడుస్తూ ఎక్కింది, కమలాబాయి ఎక్కింది. దయాకర్ చివరికి కదులుతున్న బస్సెక్కాడు.

నీలి బతికింది. కానీ చెవిలో చీము పట్టి కుడిచెవికి వినికిడి పోయింది.

ఊరు ఊరుకుంటుందా? పోతును దక్కించుకుంటే చెవులమ్మ చెవే తీసుకుందన్నారు. అదీ కుడిచెవి, మొక్కు చెప్పుకున్న చెవి. నిజం చెప్పొద్దూ, నాకూ ఒళ్లు జలదరించింది. దయాకర్ అయితే నా బిడ్డ మేకకంటే తక్కువైందా అని తల్లిని నిలదీసి, చాలా కాలం ఆమెతో మాట్లాడలేదు. సత్యమ్మ మా దుకాణం అరుగు మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పోతును చూసి రెండు రోజులు ముఖం తిప్పుకుంది. మూడో రోజు అదే వచ్చి ఒళ్లో తల పెడితే ఇంకా ఏడ్చింది. ఆమె ఏమీ సుఖపడలేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తరువాతి సంగతి ఊరికే రాలేదని తెలియడానికి.

విగ్రహం సంగతి మా ముగ్గురి మధ్యే ఉండిపోయింది. ఊరికి చెప్పవద్దని సత్యమ్మే అంది. చెబితే సర్కారువాళ్లు పట్నం ఎత్తుకుపోతారని, ఊళ్లోవాళ్లు తమ కడుపులో మాట ఎవరికి చెప్పుకుంటారని. జాతర జరుగుతూనే ఉంది, కోళ్లు తెగుతూనే ఉన్నాయి. కానీ ప్రతి జాతర మరునాడు సత్యమ్మ రెండు బిందెల నీళ్లతో పోయి గద్దె కడిగేది. చీర కట్టే పని తనే తీసుకుంది. ఆకుపచ్చ ముక్క వద్దని మా దుకాణంలో కావిరంగు గుడ్డ కోయించుకునేది. కొత్త మోజు అనుకున్నారు జనం. నీలి పక్కన కూర్చున్నప్పుడల్లా ఎడమవైపే కూర్చుని కథలు చెప్పేది. దయాకర్ కోపం ఎట్లా కరిగిందో తెలియదు గానీ, ఒక శనివారం బస్సు దిగి తొర్రూరు నుంచి తల్లికి కొత్త చెప్పులు తెచ్చాడు. ఇంకో శనివారం బస్సు చీకటి పడ్డా రాలేదు. నేను గుమ్మంలోకి తొంగి చూశాను. సత్యమ్మ ఎప్పట్లా గడపలో లేదు. నీలి పక్కన పడుకుని గురక పెడుతోంది.

ఎనభై ఒకటిలో కమలాబాయికి భూపాలపల్లి వైపు బదిలీ అయింది. ట్రంకుపెట్టె దుకాణం ముందు పెట్టుకుని బస్సు కోసం కూర్చుంది. సత్యమ్మ వచ్చింది, ఓయ్ కూడా వచ్చింది. అది ముసలిదైంది, గడ్డం తెల్లబడింది, రోడ్డు మధ్యలో పడుకుంటుంది. అప్పుడు నాకు గుర్తొచ్చి, ఆనాడు ఉప్పు బేరంలో పోయిన నాలుగో సుఖం ఏమిటని అడిగాను.

‘నింద లేకుండ బతుకుడు, రాజక్కా. తప్పు లేకుండ’ అంది.

నాకు తిక్క రేగింది. అట్లా అయితే సత్యమ్మ సంగతేమిటన్నాను. మాట తప్పింది, పిల్లకు చెవి పోయింది, ఊరంతా నింద వేసింది. మరి మా అందరికంటే హాయిగా నిద్రపోతోంది ఈమే కదా. కమలాబాయి నవ్వి, ఆమెనే అడగమంది.

సత్యమ్మ మేక మెడ గోకుతూ మెల్లగా అంది. ‘తప్పు లేదని ఎవలన్నరు సావుకారమ్మా? తప్పున్నది. దాపరికమే లేదు. నాకెరికె, ఊరికెరికె, గాయనకెరికె. ఇగ దేనికి బుగులు, దేనికి భయం?’

కమలాబాయి ఆమె చేయి పట్టుకుని కళ్లకు అద్దుకుంది. బస్సు వచ్చింది. రోడ్డు మీదివాళ్లను జరగమని క్లీనర్ ‘ఓయ్’ అని అరిచాడు, ముసలి పోతు తననే పిలిచారనుకుని కుంటుకుంటూ లేచి నిలబడింది. అందరం నవ్వాం, నవ్వుతూనే ఏడ్చాం.

తరువాత పున్నమికి సత్యమ్మ వెంట నేనూ పోయాను. మొదటి మూడు సుఖాలూ నాకు ఉన్నాయి. కలిమి ఉంది, తింటున్నాం, ఒకరికి పెడుతున్నాం, బాకీలు లేవు. కుడిచెవి దగ్గర వంగి, అలవాటుగా కావలసినవి అన్నీ అడిగాను. లేచి ఎడమవైపు పోబోయాను. సత్యమ్మలా ఒప్పుకోవలసిన తప్పు నాకూ ఒకటి ఉంది, అది ఏమిటో కూడా తెలుసు. కాళ్లు రాలేదు. సత్యమ్మ చెంబుతో నీళ్లు పోస్తూ నన్ను చూసింది.

‘తొందరేమున్నది సావుకారమ్మా’ అంది, విరిగిన ఆ ముక్కు మీద నీళ్లు తుడుస్తూ. ‘గాయన యాడికి వోడు.’